పొద్దున 11,560, మధ్యాహ్నం 10,700: ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్‌లో మూడు వేర్వేరు తంటాలు

ప్రశ్న

తాడిపత్రి నుంచి రాసిన ఈ పాఠకుడికి 21 ఏళ్లు. డిగ్రీ అయ్యాక నాన్న నడిపే బండల పాలిష్ యూనిట్‌లో లెక్కలు చూసుకుంటున్నారు. ఏడాది కిందట ఇంట్లో ఒప్పించి, డెబ్బై వేలు పెట్టి గేమింగ్ కంప్యూటర్ కట్టించుకున్నారు. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4-3200 ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్. కంప్యూటర్ ఉన్నది మిద్దెమీద రేకుల గదిలో. పాలిష్ యూనిట్ ఇంటి వెనకాలే.

రెండు నెలల కిందట ఒక వీడియో చూసి, ప్రాసెసర్‌ను కంపెనీ ఇచ్చిన వేగం కంటే ఎక్కువగా నడిపేందుకు (ఓవర్‌క్లాక్) బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు అమరికల మెనూలో, మూడు మార్పులు చేశారు. ప్రాసెసర్‌ను మామూలు హద్దు దాటి పరుగెత్తనిచ్చే పీబీఓ అనే అమరికలో లిమిట్స్‌ను ‘మదర్‌బోర్డ్’ అని పెట్టారు. కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగటివ్ 30 ఇచ్చారు. బూస్ట్ క్లాక్ ఓవర్‌రైడ్ 200 మెగాహెర్ట్జ్ పెంచారు. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23లో పొద్దున ఆరింటికి ఒక్కసారి తిప్పితే 11,560 వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాల పరీక్ష పెడితే 10,700. ప్యాకేజ్ పవర్ 112 వాట్లు, వేడి పొద్దున 90 డిగ్రీలు, మధ్యాహ్నం 95. అనంతపురంలో ఏసీ గదిలో ఉండే స్నేహితుడికి ఇదే ప్రాసెసర్ మీద 11,800 వస్తోంది. వాలరెంట్ ఆటలో సెకనుకు వచ్చే ఫ్రేములు కూడా అతనికే బాగా ఎక్కువ.

అసలు బాధ ఇంకొకటి. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న చెల్లెలు తెల్లవారుజామున ఐదింటికి లేచి ఇదే కంప్యూటర్‌లో ఈఏపీసెట్ మాక్ టెస్టులు రాస్తోంది. వారంలో మూడు నాలుగు సార్లు టెస్టు మధ్యలో కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. సినీబెంచ్ అరగంట తిప్పినా ఏమీ కాని కంప్యూటర్, ఒక పేజీ తెరిచి చదువుకుంటుంటే ఆగిపోతోంది. చెల్లెలు మాట్లాడటం మానేసింది. కరెంటు ఎక్కువ తక్కువలు అవుతున్నాయని అమ్మ, ఆ డబ్బా అమ్మేయమని నాన్న. ‘ఇవన్నీ తీసేసి 4.7 గిగాహెర్ట్జ్‌కి లాక్ చేసి 1.4 వోల్టులు పెట్టు’ అని స్నేహితుడు. ప్రాసెసరే చెడిపోయిందా, ఎనిమిది వేలు పెట్టి 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ కొనాలా అని అడుగుతున్నారు. విండోస్‌లో తప్పులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ ఫొటోలు మూడు, కంప్యూటర్ లోపలి ఫొటో ఒకటి జతచేశారు.

సమాధానం

మీ ప్రాసెసర్ చెడిపోయిందని చెప్పే ఆధారం మీరు పంపిన వాటిలో ఎక్కడా లేదు. మీరు ఒకే జబ్బు అనుకుంటున్నవి నిజానికి మూడు. మధ్యాహ్నం స్కోరు పడిపోవడం ఒకటి, తెల్లవారుజామున రీస్టార్ట్ కావడం ఒకటి, గేమ్‌లో ఫ్రేములు రాకపోవడం ఒకటి. దేని కారణం దానిదే. మూడింటికీ కలిపి ఒకే మందు వెతుకుతున్నారు కాబట్టే ఏదీ కుదరడం లేదు.

చెల్లెలి విషయంతో మొదలుపెడదాం. ఆమె పరీక్ష మీ స్కోరు కోసం ఆగదు.

మీరు పంపిన ఈవెంట్ వ్యూయర్ ఫొటోలు మూడింట్లోనూ ‘డబ్ల్యూహెచ్ఈఏ లాగర్’ (హార్డ్‌వేర్ తప్పులు రాసేది) అనే పేరు, 18 అనే నంబరు ఉన్నాయి. కింద ‘క్యాష్ హైరార్కీ ఎర్రర్’ (ప్రాసెసర్ లోపలి మెమరీలో తప్పు) అని, ఇంకా కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఉంది. మొదటి ఫొటోలో ఆ ఐడీ 4, రెండోదాంట్లో 5, మూడోదాంట్లో మళ్లీ 4. మీ ప్రాసెసర్‌లో ఆరు కోర్లు, ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు. ఐడీలు 0 నుంచి 11 దాకా ఉంటాయి. 0, 1 కోర్ సున్నావి. 2, 3 కోర్ ఒకటివి. 4, 5 కోర్ రెండువి. అంటే మూడు సార్లూ తడబడింది ఒకే కోర్. కరెంటు ఎక్కువ తక్కువలైతే ఈ 18 నంబరు రాదు. కరెంటు పోయి ఆగిపోయినప్పుడు ‘కెర్నల్ పవర్ 41’ పడుతుంది. ఆ 41 మీ ఫొటోల్లోనూ పక్కనే కనిపిస్తోంది, కానీ దాన్ని చూసి మోసపోకండి. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఎప్పుడు ఆగినా అది పడుతుంది. అమ్మగారి అనుమానం సహజమే కానీ, ఈ మూడు సార్లకు మాత్రం కారణం కరెంటు కాదు.

ఇక సినీబెంచ్‌లో నిలిచేది పేజీ చదువుతుంటే ఎందుకు పడిపోతోంది? కర్వ్ ఆప్టిమైజర్ చేసే పని చూస్తే అర్థమవుతుంది. ఏ వేగానికి ఎంత వోల్టేజ్ కావాలో ప్రతి ప్రాసెసర్‌కూ తయారీలోనే ఒక లెక్క రాసి పంపుతారు. మీరు నెగటివ్‌లో ఇచ్చే ఒక్కో అంకె ఆ లెక్కలోంచి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు కోస్తుంది. 30 అంటే 90 నుంచి 150 మిల్లీవోల్టులు కోసినట్టు. దాని మీద బూస్ట్ 200 పెంచారు. మామూలుగా మీ ప్రాసెసర్ ఒక కోర్ మీద 4650 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, ఇప్పుడు 4850కి అనుమతి ఇచ్చారు. పని ఎక్కువ చేయమని కూలి తగ్గించినట్టయింది.

సినీబెంచ్‌లో ఆరు కోర్లూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి ఏ కోరూ 4850 దగ్గరికి పోదు, నాలుగున్నర గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఆ వేగంలో వోల్టేజ్ కాస్త కోసినా సర్దుకునే వెసులుబాటు ఉంటుంది. పేజీ తెరిచినప్పుడు, మౌస్ కదిపినప్పుడు, ఒక్క కోర్ ఒక్క క్షణం పైదాకా ఎగిరి దిగుతుంది. కూలిపోయేది ఆ ఎగురులోనే. తెల్లవారుజామున ఎక్కువగా ఎందుకంటే, అప్పుడు గది చల్లగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఈ ప్రాసెసర్లు ఇంకా పైకి, ఇంకా ఎక్కువసేపు వెళ్తాయి. చెల్లెలు చదువుకునే వేళ, చదువుకునే తీరు, రెండూ సరిగ్గా ఈ లోపం మీదే పడ్డాయి. ఆమె ఏదో నొక్కి పాడుచేస్తోందని ఎవరైనా అంటుంటే ఆ మాట ఈరోజుతో ఆగాలి.

ఇంకో సంగతి. అన్ని కోర్లకూ ఒకే అంకె ఇవ్వడం ఈ వీడియోల్లో తరచూ జరిగే పొరపాటు. కోర్లన్నీ ఒక్కలా ఉండవు. బాగా పరుగెత్తే కోర్లకు తయారీలోనే తక్కువ వోల్టేజ్ రాసి ఉంటుంది, వాటి నుంచి కోయడానికి పెద్దగా మిగలదు. వేడి, వేగం చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్రతి కోర్ పేరు పక్కన ‘పర్ఫ్’ అని ఒక ర్యాంకు కనిపిస్తుంది. మీ కోర్ రెండుకు 1 లేదా 2 ర్యాంకు ఉంటే ఆశ్చర్యం లేదు. ఒకసారి చూడండి.

ఈ రాత్రే చేయగలిగింది చెప్తాను. కంప్యూటర్ ఆన్ చేస్తూ డిలీట్ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ముందు ఇప్పుడున్న అమరికను ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి, తర్వాత అవసరం రావచ్చు. ఆపైన ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్’ ఎంచుకుని, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. వారం రోజులు చూడండి. 18 నంబరు మళ్లీ పడకపోతే రీస్టార్ట్ సంగతి తేలిపోయినట్టే. డిఫాల్ట్‌లో కూడా పడితే అప్పుడు ప్రాసెసర్‌ను నిజంగా అనుమానించాలి. డబ్బాలో కొన్న ఏఎండీ ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు వెతికి పెట్టుకోండి. అయితే ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టం ఆ వారంటీ కిందికి రాదు. పీబీఓను కూడా కంపెనీ ఓవర్‌క్లాక్‌గానే లెక్కిస్తుంది.

ఇప్పుడు స్కోరు. 11,560, 10,700 అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి 860 ఎక్కడికి పోయిందని అడుగుతున్నారు. కానీ ఆ రెండు పరీక్షలూ ఒకటి కావు. పొద్దున ఒక్కసారి తిప్పారు, అంటే దాదాపు నిమిషం. అంతలో కూలర్ లోహం ఇంకా పూర్తిగా వేడెక్కను కూడా లేదు. మధ్యాహ్నం పది నిమిషాలు తిప్పారు. ఇకమీదట ఎప్పుడు కొలిచినా పది నిమిషాల పరీక్షే పెట్టండి, గదిలో వేడి ఎంతుందో పక్కన రాయండి. పరీక్ష నడిచేటప్పుడు బ్రౌజర్, గేమ్ లాంచర్లు, విండోస్ అప్‌డేట్ ఏవీ నడవకూడదు.

మిగతాదంతా వేడి లెక్క. కూలర్ ఏదైనా సరే, గది గాలి కంటే ప్రాసెసర్‌ను చల్లగా చేయలేదు. గది వేడి మీద ఇంత అని పైకి చేరుస్తుంది, ఆ ‘ఇంత’ వాట్లను బట్టి ఉంటుంది. పొద్దున గది 28 అనుకుంటే మీ ప్రాసెసర్ 90 చూపింది. గది మీద 62 పెరిగింది, 112 వాట్లకు. మధ్యాహ్నం మూడింటికి ఎండాకాలం రేకుల గది 42కు తక్కువ ఉండదు. 42కు 62 కలిపితే 104. కానీ ఈ ప్రాసెసర్‌కు హద్దు 95. హద్దు తాకగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ తగ్గిన వేగమే మీ 860.

ఇదే లెక్కను డిఫాల్ట్‌కు వేసి చూడండి. ఏ మార్పూ చేయకపోతే 5600ఎక్స్ 76 వాట్లు దాటి తీసుకోదు. 112కు 62 పెరిగితే 76కు సుమారు 42 పెరుగుతుంది. 42 గదిలో 84. హద్దుకు ఇంకా 11 డిగ్రీల దూరం. ఈ ప్రాసెసర్ డిఫాల్ట్‌లో సినీబెంచ్ ఆర్23 స్కోరు పదకొండు వేలకు అటూ ఇటూ ఉంటుంది. అంటే మధ్యాహ్నం మూడింటికి మీ ఓవర్‌క్లాక్ మీకు అదనంగా ఇస్తున్నది ఏమీ లేదు. పైగా 36 వాట్లు ఎక్కువ కాల్చి, ఆ వేడిని అదే రేకుల గదిలోకి వదులుతోంది. లిమిట్స్‌లో ‘మదర్‌బోర్డ్’ అని ఎంచుకున్నప్పుడు జరిగేది ఇదే. బోర్డు ఎంత ఇవ్వగలదో అంతా తీసుకొమ్మని వదిలేసినట్టు, ఇక ఆపేది వేడి ఒక్కటే.

ఒక్క కోర్ స్కోరు మీరు రాయలేదు, కానీ దాన్నీ చూడండి. డిఫాల్ట్‌లో 1,500 నుంచి 1,600 మధ్య ఉండాలి. మీ ఇప్పటి అమరికలో అంతకంటే తగ్గితే, పైకి చూపే వేగం నిజం వేగం కాదన్నమాట. వోల్టేజ్ చాలనప్పుడు ఈ ప్రాసెసర్లు కూలిపోకుండా ఉండటానికి మధ్యమధ్యలో క్లాక్‌ను సాగదీస్తాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ‘కోర్ క్లాక్’ 4850 అంటుంది, కిందనే ఉండే ‘ఎఫెక్టివ్ క్లాక్’ 4600 అంటుంది. పూర్తి లోడ్ మీద ఆ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. వంద మెగాహెర్ట్జ్‌కు మించి తేడా ఉంటే పైనున్న అంకెను లెక్కలోకి తీసుకోకండి.

ఇక దుమ్ము. మీరు పంపిన లోపలి ఫొటోలో కూలర్ రెక్కల అంచున తెల్లగా, పిండి అద్దినట్టు కనిపిస్తున్నది బండల పొడి. మామూలు ఇంటి దుమ్ము పోగులు పోగులుగా ఉంటుంది, ఊదితే పోతుంది. పాలిష్ పొడి సన్నగా ఉండి, గాలిలో తేమ తగిలితే పలకలా గట్టిపడుతుంది. కూలర్ రెక్కల మధ్య సందు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో పొర కడితే గాలి దూరదు. లిక్విడ్ కూలర్ కొందామనుకుంటున్నారు కదా, దాని రేడియేటర్ రెక్కల సందులు ఇంకా సన్నం. మీ ఇంటి వెనక గాలికి అది ఇంకా తొందరగా మూసుకుపోతుంది.

శుభ్రం చేసే పద్ధతి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో లోపలి నుంచి బయటికి ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. గట్టిపడిన చోట మెత్తటి పెయింటు బ్రష్ వాడండి, పొడిగానే. తడిబట్ట వద్దు, తడిసిన బండపొడి సందుల్లో బంకలా అతుక్కుంటుంది. క్యాబినెట్ ముందు జల్లెడను మాత్రం నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. మీ గదికి ఇది నెలకోసారి పని.

ఏడాది అయింది కాబట్టి ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కూడా మార్చవచ్చు, కానీ ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మీ ప్రాసెసర్ కింద 1,331 సన్నటి పిన్నులు ఉంటాయి. పేస్ట్ గట్టిపడి ఉంటే కూలర్‌ను నిటారుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానికే అతుక్కుని సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు సినీబెంచ్ తిప్పి పేస్ట్‌ను మెత్తబరచండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, కూలర్ స్క్రూలు వదులు చేశాక దాన్ని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. పట్టు వదిలినట్టు తెలిశాకే పైకి ఎత్తండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, సెల్‌ఫోన్ రిపేర్ షాపుల్లో దొరుకుతుంది. కొత్తది బఠాణీ గింజంత మధ్యలో పెడితే చాలు. చేతికి ధైర్యం లేకపోతే ఈ పని వదిలేయండి. దుమ్ము తీస్తేనే చాలావరకు తేడా కనిపిస్తుంది.

మూడోది గేమ్. దీనికి ఓవర్‌క్లాక్‌తో సంబంధమే లేదు. మీ లోపలి ఫొటోలో ర్యామ్ స్టిక్కులు రెండూ ప్రాసెసర్ పక్కన మొదటి రెండు స్లాట్లలో, ఆనుకుని ఉన్నాయి. కట్టించిన చోట అలా పెట్టేశారు. నాలుగు స్లాట్లున్న ఈ బోర్డుల్లో మొదటి రెండూ ఒకే ఛానల్‌వి. రెండు స్టిక్కులున్నా ఒకే దారిలో నడుస్తున్నాయి. వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టండి. రెండు చివర్లా క్లిప్పు ‘టక్’మనేదాకా నొక్కాలి. ఆ తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు. ఆన్ చేయకపోతే 3200 అని డబ్బా మీద రాసి ఉన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే స్పీడ్ కనిపిస్తుంది.

సినీబెంచ్‌కు ర్యామ్ వేగంతో పెద్దగా పనిలేదు, అందుకే ఈ లోపం మీ స్కోరులో కనబడలేదు. వాలరెంట్ లాంటి ఆట అలా కాదు. అక్కడ భారం గ్రాఫిక్స్ కార్డు మీద తక్కువ, ప్రాసెసర్ మీదా దానికి ర్యామ్ అందే వేగం మీదా ఎక్కువ. మీకూ స్నేహితుడికీ ఫ్రేముల్లో ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఇదే అయి ఉండాలి. మీరు రెండు నెలలుగా బయోస్‌లో వెతుకుతున్నది పదిహేను నిమిషాల స్క్రూడ్రైవర్ పని. పెద్ద గ్రాఫిక్స్ ఉన్న ఆటల్లో మాత్రం 1660 సూపర్ 95 శాతం పైన వాడకంలో ఉంటే ఆపుతున్నది కార్డే. ప్రాసెసర్‌ను ఎంత పెంచినా ఒక్క ఫ్రేమూ రాదు.

మీ స్నేహితుడి సలహా సంగతి. 4.7కు లాక్ చేసి 1.4 వోల్టులు పెట్టడం పాత ప్రాసెసర్ల కాలం పద్ధతి. మీరు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూస్తే డిఫాల్ట్‌లో కూడా ఒక్కోసారి 1.4 పైన కనిపిస్తుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. అది ఒక కోర్ కాసేపు తేలికపాటి పని చేసినప్పుడు, తక్కువ కరెంటు మీద. అదే వోల్టేజ్‌ను ఆరు కోర్లూ పూర్తి బరువు మోస్తుండగా, 90 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఇవ్వడం వేరు. ప్రాసెసర్ అరిగేది అలాగే. ముందు 4.7 దగ్గర నిలిచినది కొన్ని నెలలకు 4.6 దగ్గర కూడా నిలవదు. ఏసీ గదిలో అతనికి నడుస్తున్నది మీ రేకుల కింద నడవదు. మీ ముగ్గురిలో, అంటే మీరు, మీ స్నేహితుడు, ఆ వీడియో చేసినాయన, గది వేడి ఎవరిది వారిదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను. ఎంచుకునేది మీరే.

మొదటిది, డిఫాల్ట్ ప్లస్ ఎక్స్‌ఎంపీ. ర్యామ్ స్లాట్లు మార్చి, దుమ్ము తీసి, ఇక ముట్టుకోకుండా ఉండటం. పొద్దున స్కోరులో ఐదు శాతం లోపు పోతుంది, మధ్యాహ్నం దాదాపు ఏమీ పోదు. ఫ్రేములు ఇప్పటికంటే పెరుగుతాయి, రీస్టార్టులు ఆగాలి. ఈఏపీసెట్ అయ్యేదాకా ఇదే ఉంచమని నా గట్టి అభిప్రాయం.

రెండోది, పరీక్షల తర్వాత ఓపిగ్గా చేసే పీబీఓ. లిమిట్స్‌ను ‘మాన్యువల్’ చేసి పీపీటీ (వాట్ల హద్దు) 88, టీడీసీ (నిలకడగా తీసుకునే కరెంటు హద్దు) 60, ఈడీసీ (క్షణకాలం తీసుకునే కరెంటు హద్దు) 90 పెట్టండి. థర్మల్ లిమిట్ 85 ఇవ్వండి. బూస్ట్ ఓవర్‌రైడ్ సున్నా. కర్వ్ ఆప్టిమైజర్ ‘పర్ కోర్’ చేసి, ర్యాంకు 1, 2 ఉన్న కోర్లకు నెగటివ్ 5, మిగతా నాలుగింటికి నెగటివ్ 10తో మొదలుపెట్టండి. కోర్‌సైక్లర్ అని ఉచితంగా దొరికే పరీక్ష ఉంది. అది ఒకసారికి ఒకే కోర్‌ను పట్టుకుని, ఆ కోర్ పైదాకా ఎగిరేంత తేలిక బరువు పెట్టి చూస్తుంది. మీ చెల్లెలి టెస్టు బయటపెట్టిన లోపాన్ని బయటపెట్టేది అదే, సినీబెంచ్ కాదు. రాత్రి పెట్టి పడుకోండి. పొద్దునకు ఏ కోరూ తప్పు చూపకపోతే మిగతా నాలుగింటికి ఇంకో 5 తగ్గించండి. తప్పు చూపిన కోర్‌ను మాత్రం 5 వెనక్కి తీసుకురండి. ఒకసారికి ఒకే మార్పు, మార్చిన తేదీ, అంకె నోటుబుక్‌లో రాయండి. వారం, పది రోజులు పడుతుంది. చేతికి వచ్చేది రెండు నుంచి నాలుగు శాతం. అంత ఓపిక ఆ నాలుగు శాతానికి తగునా అంటే, ఇలా ఒక్కో కోర్‌ను తెలుసుకోవడంలో మీకు ఆనందం ఉంటే తగును. లేకపోతే మొదటి దారే మేలు. బయోస్‌లో ఏదో ఎక్కువై తెర కూడా రాకపోతే కంగారుపడకండి. ప్లగ్గు పీకి, మదర్‌బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని పది నిమిషాలు తీసి మళ్లీ పెడితే అన్నీ డిఫాల్ట్‌కు వస్తాయి.

మూడోది, స్కోరు కోసమే స్కోరు. స్నేహితుడి 11,800 దాటాలనే కోరిక తప్పేమీ కాదు. అయితే దానికి వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. లిమిట్స్ వదిలేసి, డిసెంబరు, జనవరిల్లో కిటికీ తెరిచి, తెల్లవారుజామున పరీక్ష పెట్టి, అంకె రాసుకుని, వెంటనే మామూలు ప్రొఫైల్‌కు తిరిగి రండి. ఏప్రిల్, మే నెలల్లో తాడిపత్రిలో ఆ పని చేస్తే మీ కూలర్‌ను కాదు, ఎండను పరీక్షించినట్టు.

లిక్విడ్ కూలర్‌కు ఎనిమిది వేలు ఇప్పుడు పెట్టకండి. ఈ ప్రాసెసర్‌లో కోర్లున్న చిప్పు దాదాపు 80 చదరపు మిల్లీమీటర్లు, మీ చిటికెన వేలి గోరంత. వేడంతా ఆ గోరంత చోటు నుంచే బయటికి రావాలి కాబట్టి, పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా వచ్చే లాభం కొన్ని డిగ్రీలే. 76 వాట్లకు మీ టవర్ కూలర్ ధారాళంగా సరిపోతుంది. అదే కంప్యూటర్‌ను మిద్దెమీద నుంచి కింద బండల కప్పు ఉన్న గదిలోకి దించితే, మధ్యాహ్నం పూట గది వేడిలో ఎంత తగ్గుతుందో అంతా నేరుగా ప్రాసెసర్‌కు కలిసొస్తుంది, పైసా ఖర్చు లేకుండా. దించడం కుదరకపోతే రేకుల మీద తెల్ల సున్నం కొట్టించండి, అది మీకూ సుఖమే. యూనిట్ వైపు కిటికీని మిషన్లు నడిచే వేళల్లో మూసి ఉంచండి. క్యాబినెట్‌ను నేల మీద కాకుండా మోకాలెత్తు బల్ల మీద పెట్టండి, బండపొడి ఎక్కువగా నేల దగ్గరే తిరుగుతుంది.

నాన్నగారికి ఈ లెక్కలన్నీ చెప్పబోకండి. ఇంటికి సరిపడే మాట ఒకటి ఉంది: తప్పు కంప్యూటర్‌ది కాదు, నేను పెట్టిన అమరికది, తీసేశాను, వారం చూడండి. బండల మిషను మీద హద్దు మించి లోడు వేస్తే ఏమవుతుందో ఆయనకు మీకంటే బాగా తెలుసు. చెల్లెలితో మాత్రం ఈరోజే మాట్లాడండి. ఆ మూడు ఫొటోలు చూపించి, నీ టెస్టు పోవడానికి కారణం ఇదీ, ఇది నేను చేసిందీ అని చెప్పండి. డిఫాల్ట్ పెట్టాక మొదటి రెండు మూడు రోజులు ఆమె టెస్టు రాసే ముందు మీరే లేచి కంప్యూటర్ ఆన్ చేసి పెట్టండి. ఈ వారం రోజులూ టెస్టు రాసేటప్పుడు ఆమె ఫోన్‌లో కూడా అదే లాగిన్ తెరిచి పక్కన ఉంచితే, ఒకవేళ మళ్లీ ఆగినా వెంటనే అందులోకి మారవచ్చు.

వారం తర్వాత మళ్లీ రాసేట్టయితే నాలుగు అంకెలు పంపండి: డిఫాల్ట్‌లో పది నిమిషాల స్కోరు పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత, ఆ రెండు వేళల్లో గది వేడి ఎంత. వీటితో పాటు ఈవెంట్ వ్యూయర్‌లో 18 మళ్లీ పడిందా లేదా అన్నది రాయండి. పడితే కింద ఏపీఐసీ ఐడీ ఎంతుందో ఫొటో తీయండి. 4, 5 కాకుండా వేరే అంకె వస్తే తడబడుతున్నది వేరే కోర్ అన్నమాట.